చెక్క మాట వినదు: ఎక్స్‌ప్రెషనిజం గురించి ఒక సాయంత్రం

మైకు వెనకదాకా వినిపిస్తోందా? ఆ పక్క ఫ్యాను కొంచెం ఆపుతారా, గరగర వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

అందరికీ నమస్కారం. పోస్టర్ మీద 'ఆధునిక చిత్రకళలో ఎక్స్‌ప్రెషనిజం, పుట్టుక, వ్యాప్తి' అని వేసారు, అది చూడగానే నాకే భయమేసింది, ఏదో డిగ్రీ సిలబస్‌లోంచి చింపి అతికించినట్టుంది. తెలుగులో దీన్ని అభివ్యక్తివాదం అంటారు, భావవ్యక్తీకరణవాదం అని కూడా అంటారు, రెండూ నా నోటికి తిరగవు, అందుకే నేను ఎక్స్‌ప్రెషనిజం అనే అంటాను, పెద్దలు ఏమనుకోకండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పెయింటర్ని కాదు, అచ్చు మనిషిని. చెక్క చెక్కడం, ఇంకు రాయడం, కాగితం మీద దింపడం, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మా మేనమామ పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవారు, సెలవులకి వెళ్తే నన్ను పక్కన కూర్చోపెట్టుకుని టేకు చెక్క మీద చిన్న ఉలితో తీగలూ పూలూ మొగ్గలూ తీస్తుండేవారు, ఆయన చేతిలో గీత వెంట్రుక మందాన కూడా వంకర పోయేది కాదు. నేను కాలేజీలో చేరాక మొదటిసారి జర్మన్ వాళ్ళ ఉడ్‌కట్ బొమ్మలు, అంటే చెక్క మీద చెక్కి అచ్చు తీసినవి, పుస్తకంలో చూసి, సెలవులకి వెళ్ళినప్పుడు ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, 'ఒరే, వీడికి ఉలి పట్టడం రాదా, లేకపోతే ఎవరి మీదైనా కోపంగా ఉన్నాడా' అన్నారు. నేను ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను గానీ ఎక్స్‌ప్రెషనిజం గురించి అంతకంటే మంచి ప్రశ్న ఎక్కడా కనపడలేదు. ఇవాళ మాట్లాడేదంతా ఆయన ప్రశ్న గురించే అనుకోండి.

మామూలుగా ఏం చెప్తారు? కళ్ళకి కనిపించింది గీస్తే ఇంప్రెషనిజం, లోపల ఉన్నది కక్కేస్తే ఎక్స్‌ప్రెషనిజం అని. తప్పు కాదు. కానీ నా గొడవ ఏంటంటే, బాధ అందరికీ ఉంటుంది, కక్కడం అందరూ కక్కుతారు, మరి ఆ బొమ్మలే అంత కోసుగా, మొరటుగా, గొడ్డలితో నరికినట్టు ఎందుకున్నాయి? సగం జవాబు ఈ చెక్కలో ఉంది. మిగతా సగం పోస్టాఫీసులో ఉంది. రెండూ చెప్తాను.

1905 జూన్ 7, జర్మనీలో డ్రెస్డెన్ ఊరు. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టారు. ఎర్న్‌స్ట్ లుడ్విగ్ కిర్ష్నర్, ఎరిక్ హెకెల్, కార్ల్ ష్మిత్-రోట్‌లుఫ్, ఫ్రిట్జ్ బ్లైల్. నలుగురూ ఆర్కిటెక్చర్ స్టూడెంట్లు, ఆర్ట్ కాలేజీ మొహం చూసినవాళ్ళు కాదు, అంటే కిర్ష్నర్ మ్యూనిక్‌లో కొన్నాళ్ళు నేర్చుకున్నాడు అంతే. అందరిలోకీ పెద్దవాడు కిర్ష్నర్, అతనికే పాతికేళ్ళు. సంఘం పేరు డీ బ్రూకె, అంటే వంతెన. పనివాళ్ళు ఉండే పేటలో, అంతకుముందు మాంసం కొట్టు నడిచిన గది ఒకటి హెకెల్ అద్దెకి తీసుకున్నాడు, అదే స్టూడియో. బల్లలూ కుర్చీలూ చెక్కి, గోడలకి వాళ్ళే రంగేసిన గుడ్డలు వేలాడదీసుకుని, అక్కడే తిండి, అక్కడే పని, స్నేహితురాళ్ళే మోడళ్ళు. మన దగ్గర బ్యాచిలర్ రూములు ఉంటాయి కదా, అలాంటిదే అనుకోండి, కాకపోతే వీళ్ళ రూము చరిత్రకెక్కింది.

వీళ్ళు గాల్లోంచి పుట్టలేదు. అదే ఏడాది నవంబర్‌లో డ్రెస్డెన్‌లో వాన్ గో బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టారు, కుర్రాళ్ళకి పిచ్చెక్కిపోయింది. మరుసటి ఏడాది ఎడ్వర్డ్ మున్క్ బొమ్మలు వచ్చాయి. మున్క్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు తాడు ఆయన దగ్గరే మొదలవుతుంది.

మున్క్ నార్వే మనిషి. ఐదేళ్ళప్పుడు తల్లి క్షయతో పోయింది, తర్వాత తొమ్మిదేళ్ళకి అక్క సోఫీ కూడా అదే జబ్బుతో పోయింది. ఆ అక్కని తలుచుకుని 1885-86లో 'జబ్బు పిల్ల' అని ఒక బొమ్మ వేసాడు, రంగు వేయడం, గీకేయడం, మళ్ళీ వేయడం, మళ్ళీ గీకడం, ఆ కాన్వాస్ మీద గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1892లో బెర్లిన్ చిత్రకారుల సంఘం వాళ్ళు పాపం ఏం వస్తుందో తెలీక ఈయన్ని పిలిచి ఎగ్జిబిషన్ పెట్టించారు, గోడకి తగిలించాక చూసుకుని గుండె జారిపోయి, ఓటింగ్ పెట్టి, మూసేయాలని 120 మంది, వద్దని 105 మంది అంటే, వారంలోనే మూసేయించారు. దాంతో మున్క్ రాత్రికి రాత్రి బెర్లిన్‌లో ఫేమస్ అయిపోయాడు. మూసేయించడం కంటే మంచి పబ్లిసిటీ ఏముంటుంది చెప్పండి.

'కేక' అందరికీ తెలుసు. 1893. సెల్‌ఫోన్‌లో ఎమోజీ కూడా దాన్ని చూసే చేసారంటారు. ఆ మనిషి అరుస్తున్నాడు అని అందరూ అనుకుంటారు, కాదు, అరుస్తున్నది ప్రకృతి, వీడు చెవులు మూసుకుంటున్నాడు. ఇద్దరు స్నేహితులతో నడుస్తుంటే ఆకాశం నెత్తుటి రంగుకి మారిందనీ, ప్రకృతిలోంచి ఒక పెద్ద కేక వినపడిందనీ మున్క్ రాసుకున్నాడు. సరే, ఆ పెయింటింగ్ కథలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి, దొంగతనాలూ వేలంపాటలూ అన్నీ. నేను చెప్పేది 1895లో ఆయన చేసిన నలుపు తెలుపు ప్రింటు గురించి. అది రాతి మీద గీసి తీసిన లితోగ్రాఫ్, కానీ చూస్తే ఆకాశంలో గీతలన్నీ చెక్క నరాల్లా పోతుంటాయి. ఆ ఏడాదే పారిస్ పత్రికలో అచ్చయింది. ఎర్ర ఆకాశం ఉన్న బొమ్మ ఒకసారికి ఒక్క గోడ మీదే ఉండగలదు, ఎక్కువ ఊళ్ళు తిరిగింది మాత్రం ఈ నలుపు తెలుపు కాగితం. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

తర్వాత మున్క్ చెక్క మీదకి దిగాడు, దిగి ఒక అల్లరి పని చేసాడు. రంగుకి ఒక చెక్క చొప్పున చెక్కడం పాత పద్ధతి. ఈయన ఒకే చెక్కని రంపంతో ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో రంగు రాసి, పిల్లలు పజిల్ పేర్చినట్టు మళ్ళీ పేర్చి ఒకేసారి అచ్చు తీసేవాడు. 'ముద్దు' అనే ప్రింటులో చెక్క నరం మొత్తం బొమ్మ మీద వానలా దిగుతుంది. మా మేనమామ అయితే నరం కనపడితే చెక్కని అవతల పారేసేవారు. మున్క్ ఆ నరాన్నే బొమ్మ చేసాడు.

ఇప్పుడు ఈ చెక్క చూడండి. ప్యాకింగ్ పెట్టెల్లో వాడే పైన్ చెక్క, పొద్దున్నే డిపోలో తెచ్చాను. ఇలా ముందు వరస నుంచి వెనక్కి పంపించండి. వేలితో తడమండి, నరం ఒకవైపే పోతోంది కదా. నరంతో పాటు ఉలి తోస్తే వెన్నలో దిగినట్టు పోతుంది. నరానికి అడ్డంగా తోస్తే పెచ్చులు లేచిపోతాయి. ఇప్పుడు దీని మీద ఒక బుగ్గ గీయాలి, గుండ్రంగా. పెన్సిల్‌తో అయితే రెండు సెకన్లు. చెక్క మీద గుండ్రం రాదు. మూడు ముక్కల్లో విరిగి వస్తుంది, కోణాలు కోణాలుగా. నీ చెయ్యి ఒకటి అంటుంది, చెక్క ఇంకోటి అంటుంది, ఆ తగువులో పుట్టిన మొహం కాగితం మీదకి దిగుతుంది. టేకు అయితే కొంచెం మాట వింటుంది, మంచి ఉలి ఉంటే, ఓపిక ఉంటే, నూనె పట్టిస్తే. ఈ కుర్రాళ్ళు ఆ మూడూ చెయ్యలేదు. కావాలనే చెయ్యలేదు.

ఇంకో తేడా ఉంది. జర్మనీకి ఉడ్‌కట్ కొత్తేమీ కాదు, అప్పటికి నాలుగొందల ఏళ్ళ కిందటే డ్యూరర్ ఉన్నాడు, ఆయన ఉడ్‌కట్‌లు చూస్తే మతి పోతుంది. కానీ ఆ కాలంలో గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఇంకొకడు. చెక్కేవాడి గొప్పతనం అంతా గీసినవాడి గీతని చెదరకుండా కాపాడటంలోనే. వంతెన కుర్రాళ్ళు ఆ ఇద్దర్నీ ఒకణ్ణి చేసేసారు, చాలాసార్లు గీయకుండా నేరుగా ఉలితోనే మొదలుపెట్టేవాళ్ళు. అంచేత మా మేనమామ ప్రశ్నకి నా జవాబు ఏంటంటే, మావయ్యా, వాళ్ళకి ఉలి పట్టడం పెద్దగా రాదు, కోపం కూడా ఉంది, రెండూ కరెక్టే, కానీ ఆ రానితనాన్ని దాచుకోకపోవడమే వాళ్ళ పట్టు.

వీళ్ళ మ్యానిఫెస్టో కూడా చెక్క మీద చెక్కిందే. 1906లో కిర్ష్నర్ చెక్కాడు. నాలుగు ముక్కలు అంతే, మేం కుర్రాళ్ళం, పాతుకుపోయిన పెద్దవాళ్ళ దగ్గర్నుంచి మా చేతులకీ మా బతుకులకీ స్వేచ్ఛ కావాలి, లోపల తోసేదాన్ని కల్తీ లేకుండా సూటిగా బయట పెట్టే ప్రతివాడూ మావాడే, ఇదీ సారాంశం. ఎవరైనా ఉడ్‌కట్ చేసినవాళ్ళు ఉంటే తెలుస్తుంది, అక్షరాలు చెక్క మీద తిరగేసి చెక్కాలి, అద్దంలో చూసినట్టు. నేను మొదటిసారి చేసిన పెళ్ళి కార్డు బ్లాకులో పెళ్ళికూతురి పేరు సూటిగా చెక్కేసాను, అచ్చు తీస్తే తిరగబడి వచ్చింది, పెళ్ళి ఇంకో నాలుగు రోజుల్లో ఉంది, ఆ రాత్రి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అందుకే కిర్ష్నర్ ఒక పేజీ మొత్తం తిరగేసి చెక్కాడంటే ఆ పిచ్చి ఎంతో నాకు బాగా తెలుసు. నందలాల్ బోస్ గారి 'బాపూజీ 1930' అందరూ చూసే ఉంటారు, కర్ర పట్టుకుని నడిచే గాంధీగారు, నల్ల నేల మీద తెల్ల గీతలు. అది లినోకట్, చెక్కకి బదులు లినోలియం షీటు. దాని మీద ఆ అక్షరాలు కూడా తిరగేసి చెక్కినవే.

మొదటి ఎగ్జిబిషన్ ఎక్కడనుకున్నారు? దీపాల ఫ్యాక్టరీలో. గ్యాలరీలు వీళ్ళని ఎవరు రానిస్తారు. హెకెల్ పనిచేసే ఆర్కిటెక్ట్ ఆఫీసు వాళ్ళకి ఆ ఫ్యాక్టరీతో పని ఉండేది, ఆ పరిచయంతో షోరూమ్ దొరికింది. పైన అమ్మకానికి దీపాలు వేలాడుతుంటే గోడలకి వీళ్ళ బొమ్మలు. బ్లైల్ చేసిన పోస్టర్‌లో నగ్నంగా ఉన్న అమ్మాయి ఉందని పోలీసులు ఆపేసారు. జనం కూడా పెద్దగా రాలేదు. రెండోసారి అదే ఫ్యాక్టరీలో ఆ చలికాలం అచ్చంగా ప్రింట్లతోనే పెట్టారు, దానికి కాండిన్‌స్కీ అనే రష్యన్ చిత్రకారుడు కూడా ఉడ్‌కట్‌లు పంపించాడు. ఆ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

మరి తిండి ఎలా? ఇక్కడ పోస్టాఫీసు వస్తుంది. వీళ్ళు 'పాసివ్ మెంబర్లు' అని ఒక స్కీము పెట్టారు. బొమ్మలు వేయక్కర్లేదు, ఏడాదికి 12 మార్కులు కడితే చాలు, తర్వాత పాతిక చేసారు. కట్టినవాళ్ళకి ఏడాదికోసారి ఒక ఫోల్డర్ వస్తుంది, అందులో మూడో నాలుగో ఒరిజినల్ ప్రింట్లు. చిట్టీ లాంటిదే, కాకపోతే పాటలో డబ్బుకి బదులు బొమ్మలు. కొన్నేళ్ళలో మెంబర్లు అరవై దాటారు. ఇవాళ ఆ ఫోల్డర్ ఒక్కటి దొరికితే మ్యూజియంలు కొట్టుకుంటాయి. ఆయిల్ పెయింటింగ్ ఒక్క గోడ మీద ఉంటుంది, దాన్ని చూడాలంటే నువ్వు వెళ్ళాలి. ప్రింటు నీ ఇంటికే వస్తుంది. ఒక ఉద్యమం పాకడానికి ఇంతకంటే ఏం కావాలి.

తలుపు సందులోంచి ఒక మురికి విషయం కూడా చెప్పాలి. ఈ మొరటుదనం అంతా వీళ్ళ సొంతం కాదు. డ్రెస్డెన్ మ్యూజియంలో పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల నుంచి తెచ్చిన ఇంటి దూలాలు ఉండేవి, వాటి మీద కథలు చెక్కి రంగులేసి ఉంటాయి, కిర్ష్నర్ వాటిని చూసి ఊగిపోయాడు. ఆ దూలాలు అక్కడికి ఎలా వచ్చాయి? పలావు అప్పుడు జర్మనీ వలస కాబట్టి. 'ఆదిమ కళ' అని మురిసిపోయారు గానీ ఆ దూలం చెక్కినవాడి పేరు ఎవరూ అడగలేదు. మా మేనమామ అచ్చులతో వేసిన దుప్పట్లు ఎన్ని దేశాలు వెళ్ళాయో, ఆయన పేరు కూడా ఎక్కడా లేదు, అందుకని నాకు ఈ విషయం కొంచెం గుచ్చుకుంటుంది.

ఇక పేరు. ఎక్స్‌ప్రెషనిస్టులు అనే మాట వీళ్ళు పెట్టుకున్నది కాదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 1911లో బెర్లిన్ సెసెషన్ అనే చిత్రకారుల సంఘం పెట్టిన ఎగ్జిబిషన్‌లో ఒక గది నిండా బ్రాక్, డెరైన్, పికాసో లాంటి పారిస్ వాళ్ళ బొమ్మలు పెట్టి, క్యాటలాగులో వాళ్ళని ఎక్స్‌ప్రెషనిస్టులు అన్నారు. అంటే ఫ్రెంచి వాళ్ళకి తగిలించిన లేబుల్, రెండు మూడేళ్ళలో జారి జర్మన్ల మెడలో పడింది. హెర్వార్ట్ వాల్డెన్ అని ఒకాయన 1910లో బెర్లిన్‌లో 'డెర్ స్టుర్మ్' అనే పత్రిక పెట్టాడు, అంటే తుఫాను, ఆ పత్రికే వీళ్ళందరి బొమ్మల్నీ ప్రింట్లనీ దేశం మీదకి వదిలింది. ఆ వాల్డెన్ చివరికి సోవియట్ జైల్లో పోయాడు, అది వేరే కథ.

మ్యూనిక్‌లో ఇంకో గుంపు. కాండిన్‌స్కీ, ఫ్రాన్జ్ మార్క్, గాబ్రియేలె మ్యూంటర్, ఆగుస్ట్ మాకె. 1911 డిసెంబర్‌లో నీలి రౌతు పేరుతో మొదటి ఎగ్జిబిషన్, 1912లో అదే పేరుతో ఒక పుస్తకం, అందులో పిల్లలు గీసిన బొమ్మలూ, పల్లెటూళ్ళలో గాజు మీద వేసే దేవుడి బొమ్మలూ, పాత ఉడ్‌కట్‌లూ, షోన్‌బెర్గ్ సంగీతం, అన్నీ ఒకే పంక్తిలో కూర్చోపెట్టారు. వీళ్ళు వంతెన వాళ్ళకంటే మెత్తన, కాస్త ఆధ్యాత్మికం. కాండిన్‌స్కీ థియోసఫీ పుస్తకాలు బాగా చదివేవాడు, అంటే మన మద్రాస్ అడయారు సంఘం వాళ్ళవి, రంగుకి ఆత్మ ఉందీ అనే మాటలు ఆయన కొంత అక్కడ తాగినవే. మార్క్ గుర్రాలని నీలంగా వేసాడు. ఎందుకు నీలం అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మనం కృష్ణుణ్ణి నీలంగా వేసినప్పుడు ఎవరూ అడగరు.

వంతెన వాళ్ళు 1911లో బెర్లిన్ చేరి, 1913లో కొట్టుకుని విడిపోయారు. సంఘం చరిత్ర రాయమంటే కిర్ష్నర్ అంతా తన గొప్పే రాసుకున్నాడని మిగతావాళ్ళకి మండింది. మన సాహిత్య సంఘాలు గుర్తొస్తున్నాయా? నవ్వకండి.

తర్వాత యుద్ధం. మాకె 1914 సెప్టెంబర్‌లోనే పోయాడు. మార్క్ 1916 మార్చిలో ఫ్రాన్స్‌లో వెర్డున్ దగ్గర పోయాడు. కిర్ష్నర్ ట్రైనింగ్‌లోనే మతి చెదిరి, 1915లో బయటికొచ్చి ఒక బొమ్మ వేసాడు, 'సైనికుడిగా నేను'. ఇది కొంచెం దగ్గరగా చూడండి, స్క్రీన్ మీద పెడుతున్నాను. మిలిటరీ యూనిఫాం. నోట్లో సిగరెట్టు. కళ్ళల్లో నల్లగుడ్డు లేదు, ఖాళీ. వెనకాల ఒక నగ్న స్త్రీ. కుడి చెయ్యి పైకెత్తాడు, మణికట్టు దగ్గర తెగిపోయి ఉంది, ఎర్రగా, పచ్చిగా. నిజానికి ఆయన చేతికి ఏమీ కాలేదు. ఫ్రంటుకి కూడా వెళ్ళలేదు. చెయ్యి మొండి అయిపోయింది అని అబద్ధం చెప్తున్నాడా? ఫోటో తీస్తే చెయ్యి ఉంటుంది, బొమ్మలో ఉండదు, ఎందుకంటే ఆ చేత్తో ఇక బొమ్మ వేయలేనేమో అన్న భయం ఉంది చూసారా, అది ఫోటోలో పడదు. నన్ను ఎవరైనా ఎక్స్‌ప్రెషనిజం అంటే ఒక్క ముక్కలో చెప్పు అంటే ఈ చెయ్యి చూపిస్తాను.

ఈ బొమ్మల్ని నడిపిస్తే ఎలా ఉంటుంది? అదే 1920లో వచ్చిన 'డాక్టర్ కాలిగారీ' సినిమా. గోడలు వంకర, కిటికీలు వంకర, నీడలు లైటు వల్ల పడ్డవి కాదు, సెట్టు మీద రంగుతో గీసినవి. కదిలే ఉడ్‌కట్ అది. ఆ నీడల పద్ధతి హాలీవుడ్ వెళ్ళింది. మన బొంబాయికీ జర్మన్లు వచ్చారు, బాంబే టాకీస్‌లో కెమెరా పట్టింది యోసెఫ్ విర్షింగ్ అనే జర్మన్, 1949లో 'మహల్'లో ఆ దీపాలూ నీడలూ ఊయలా చూసి భయపడ్డవాళ్ళు ఉంటే ఆ భయంలో కొంత వాటా బెర్లిన్‌దే.

ఇప్పుడు నాకు అందరికంటే ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. కేథె కోల్‌విట్జ్. ఈమెని కొందరు ఎక్స్‌ప్రెషనిస్టుల లిస్టులో పెట్టరు, ఆమె వేరే దారిలో వచ్చింది, వయసులో పెద్దది, ఈ రెండు గుంపుల్లో దేనిలోనూ చేరలేదు. పెట్టకపోతే పోనీండి. భర్త డాక్టరు, బెర్లిన్‌లో పేదల పేటలో ప్రాక్టీసు, ఆమె ఆ పేటలో మనుషుల్నే గీసింది. 1914 అక్టోబర్‌లో చిన్న కొడుకు పీటర్ యుద్ధంలో పోయాడు, పద్దెనిమిదేళ్ళు. మైనారిటీ తీరలేదు కాబట్టి వెళ్ళడానికి తండ్రి ఒప్పుకోవాలి, తండ్రి వద్దంటే, ఒప్పించింది ఈమే. ఇది ఆలోచించండి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ యుద్ధం గురించి బొమ్మ వేయాలని చూస్తుంది, ఎచింగ్ చేస్తుంది, అంటే లోహపు రేకు మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి తీసే అచ్చు, బాగా రాదు, లితో చేస్తుంది, రాదు. 1920లో బార్లాక్ అనే శిల్పి చేసిన ఉడ్‌కట్‌లు చూసి, ఇదీ నాకు కావలసింది అనుకుని, యాభై దాటిన వయసులో చెక్క పట్టుకుంది. 'యుద్ధం' అని ఏడు ఉడ్‌కట్‌లు. మొదటిది 'బలి'. ఒక తల్లి కళ్ళు మూసుకుని, చేతుల్లో ఉన్న పసిబిడ్డని ముందుకి చాచి ఇస్తోంది. ఎవరికి ఇస్తోందో బొమ్మలో లేదు. చుట్టూ నలుపు. ఎచింగ్‌లో అయితే బూడిదరంగు ఉంటుంది, మధ్యరకం ఉంటుంది, సర్దుబాటు ఉంటుంది. ఉడ్‌కట్‌లో చెక్కితే తెలుపు, వదిలేస్తే నలుపు, రెండే. ఆమెకి ఆ రెండే కావాలి.

ఆ కాగితం ఎక్కడెక్కడికి పోయిందో చూడండి. చైనాలో లూ షున్ అనే మహా రచయిత కోల్‌విట్జ్ ప్రింట్లు జర్మనీ నుంచి తెప్పించుకునేవాడు. 1931 ఫిబ్రవరిలో ఆయన శిష్యుడిలాంటి యువ రచయిత రౌ షీని అక్కడి ప్రభుత్వం కాల్చి చంపింది. కొడుకు పోయాడని ఆ కుర్రాడి తల్లికి తెలీదు, ఆవిడకి చూపు లేదు. నేరుగా సంతాపం రాస్తే సెన్సార్ వాళ్ళు ఊరుకోరు. లూ షున్ ఏం చేసాడంటే ఈ 'బలి' బొమ్మని ఒక పత్రికలో అచ్చేయించాడు. అంతే. తెలిసినవాళ్ళకి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో షాంఘైలో కుర్రాళ్ళకి ఉడ్‌కట్ క్లాసు పెట్టించాడు, నేర్పడానికి జపాన్ ఆయన, పక్కన అనువాదం చెప్పడానికి లూ షున్ తనే నిలబడ్డాడు. అక్కడ నుంచి చైనా ఉడ్‌కట్ ఉద్యమం లేచింది. ఎందుకు చెక్క? ప్రెస్సు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, చెంచా వెనకతో రుద్దితే అచ్చు పడుతుంది, పోలీసులు వస్తే చెక్క పొయ్యిలో పెట్టేయచ్చు.

ఆ చైనా ఉడ్‌కట్‌లు కమ్యూనిస్టు కుర్రాళ్ళ చేతుల మీదుగా బెంగాల్ వచ్చాయి. సోమ్‌నాథ్ హోర్ అనే చిత్రకారుడు వాటిని చూసి చెక్క పట్టుకున్నాడు. 1943 కరువులో చిత్తప్రసాద్ అనే ఇంకో కుర్ర చిత్రకారుడు మిడ్నపూర్ జిల్లా అంతా కాలినడకన తిరిగి, ఎముకల గూళ్ళని ఇంకుతో గీసి 'హంగ్రీ బెంగాల్' అని పుస్తకం వేస్తే బ్రిటిష్ వాళ్ళు కాపీలు పట్టుకుని తగలబెట్టారు. బెర్లిన్‌లో ఒక తల్లి, షాంఘైలో ఒక రచయిత, మిడ్నపూర్‌లో ఒక కుర్రాడు, ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు, మధ్యలో కాగితాలే తిరిగాయి.

దానికంటే ముందే ఇంకో దారిలో కూడా వచ్చింది. 1922 డిసెంబర్‌లో కలకత్తాలో ఒక ఎగ్జిబిషన్, స్టెల్లా క్రామ్రిష్ అనే ఆస్ట్రియా ఆవిడ, శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పేది, ఆవిడ వీమార్‌లోని బౌహౌస్ స్కూలుకి రాసి కాండిన్‌స్కీ, క్లే, ఫైనింగర్ వగైరాల బొమ్మలు ఓడలో తెప్పించింది. వచ్చినవి చాలావరకు ప్రింట్లూ వాటర్‌కలర్లూ. మళ్ళీ కాగితమే. దీపాల ఫ్యాక్టరీకి ఉడ్‌కట్‌లు పంపిన కాండిన్‌స్కీయే ఇక్కడికీ పంపాడు.

ఇక రవీంద్రనాథ్ ఠాగూర్. అరవై దాటాక బొమ్మలు మొదలెట్టాడు, కొట్టివేతల్లోంచి. కవిత రాసి ఒక మాట కొట్టేస్తే ఆ కొట్టివేతని ఇంకో కొట్టివేతకి కలిపి, దానికి ముక్కు పెట్టి, కన్ను పెట్టి, ఏదో జంతువుని చేసేవాడు. 1930లో యూరప్‌లో ఊరూరా ఎగ్జిబిషన్లు పెట్టారు, బెర్లిన్‌లో బాగా మెచ్చుకున్నారు, ఐదు బొమ్మలు అక్కడి నేషనల్ గ్యాలరీకి చేరాయి. ఆ ఐదింటినీ 1937లో నాజీలు పీకేసారు. కవిగారికి నోబెల్ ఉన్నా సరే, అవి 'చెడిపోయిన కళ' కిందకి వచ్చేసాయి.

1937 జులై 19న మ్యూనిక్‌లో 'చెడిపోయిన కళ' అని ఎగ్జిబిషన్ పెట్టారు కదా, మ్యూజియంల నుంచి లాక్కున్నవాటిలో 650 దాకా బొమ్మలు, వంకరగా తగిలించి, గోడల మీద ఎగతాళి రాతలు రాసి. దానికి ముందురోజే కొంచెం దూరంలో హిట్లర్ మెచ్చిన కళతో పెద్ద ఎగ్జిబిషన్ తెరిచారు. ఛీకొట్టడానికి పెట్టినదానికి 20 లక్షల మంది పైగా వచ్చారు, ఆ నున్నటి కండల బొమ్మలకి అంతమంది రాలేదు. మార్క్ వేసిన నీలి గుర్రాల బొమ్మ కూడా పెట్టారు, వెర్డున్‌లో ప్రాణం ఇచ్చినవాణ్ణి అవమానిస్తారా అని మాజీ ఆఫీసర్లు గొడవ చేస్తే తీసేసారు, 1945 తర్వాత అది మరి ఎవరికీ కనపడలేదు. కిర్ష్నర్‌వి 639 బొమ్మలు మ్యూజియంల నుంచి లాగేసారు. అప్పటికే స్విట్జర్లాండ్ కొండల్లో ఉన్నాడు. 1938 జూన్ 15న తుపాకీతో కాల్చుకున్నాడు.

మ్యూంటర్ మాత్రం మురనావులో తన ఇంటి కింద గదిలో కాండిన్‌స్కీ బొమ్మలన్నీ దాచేసింది. ఆయన ఆమెని వదిలేసి వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళు దాటింది అప్పటికి. అయినా దాచింది. 1957లో తన ఎనభయ్యో పుట్టినరోజుకి వెయ్యికి పైగా బొమ్మలు మ్యూనిక్ నగరానికి ఇచ్చేసింది. కాండిన్‌స్కీ గురించి ఎన్ని పుస్తకాలున్నాయో, ఈమె గురించి అన్ని ఉండాల్సింది.

ఆఁ, వెనకాల నుంచి ఏదో అడుగుతున్నారు? అందరూ బాధితులేనా, అని. మంచి ప్రశ్న. కాదండి. ఎమిల్ నోల్డె ఉన్నాడు, కొన్నాళ్ళు వంతెన సంఘంలో కూడా ఉన్నాడు, రంగు అంటే ఆయనే వేయాలి, అంత గొప్పవాడు. పక్కా నాజీ. పార్టీ మెంబరు, యూదులంటే పడదు. అయినా అందరికంటే ఎక్కువ బొమ్మలు లాక్కున్నది ఆయనవే, వెయ్యి పైచిలుకు. నేను మీవాడినే కదా అని ఉత్తరాలు రాసుకున్నాడు. యుద్ధం అయ్యాక నిషేధానికి గురైన పాపం కళాకారుడిగా చెలామణీ అయిపోయాడు, ఈమధ్య ఉత్తరాలన్నీ బయటికి వచ్చి, 2019లో అప్పటి ఛాన్సలర్ మెర్కెల్ ఆఫీసు గోడ మీద ఉన్న ఆయన బొమ్మలు తీయించారు. లోపలున్నది కక్కేయడమే గొప్ప అనేవాళ్ళకి నేను నోల్డె పేరు చెప్తాను. లోపల ఏముందో కూడా చూసుకోవాలి కదా.

అమెరికా వాళ్ళ అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం, పొలాక్ రంగు చిలకరించడం, తర్వాత ఎనభైల్లో జర్మనీలో మళ్ళీ బాసెలిట్జ్, కీఫర్, అదంతా ఇవాళ వదిలేస్తున్నాను, టైం అయిపోతోంది, టీ కూడా చల్లారిపోతోందని అక్కడి నుంచి సైగ చేస్తున్నారు.

ఒక్కటి చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే ఇది మన ఊరి సంగతి. నాజీలు తరిమినవాళ్ళలో కొందరు బొంబాయిలో తేలారు. వాల్టర్ లాంగ్‌హామర్ వియన్నా పెయింటరు, 1938లో వచ్చి టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆర్ట్ డైరెక్టర్ అయ్యాడు. రూడీ ఫాన్ లైడెన్ 1933లో జర్మనీ వదిలి వచ్చి, పేపర్లో కళావిమర్శ రాసేవాడు. 1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టిన సూజా, రజా, హుస్సేన్ వాళ్ళకి యూరప్ బొమ్మల పుస్తకాలు చూపించి, మాటలు చెప్పి, బొమ్మలు కొనేవాళ్ళని పరిచయం చేసింది వీళ్ళే. ఆ గ్రూపులో ఇంకొకాయన ఉన్నాడు, కె. హెచ్. ఆరా. పుట్టింది మన సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో, 1914. తల్లి చిన్నప్పుడే పోయింది, ఏడేళ్ళకి ఇంట్లోంచి పారిపోయి బొంబాయి చేరాడు, కార్లు కడిగాడు, ఇళ్ళల్లో పనిచేసాడు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళాడు. ఆయన బొమ్మలు చూసి, ఇతనిలో సరుకుందని గుర్తుపట్టి ముందుకి తోసింది ఆ రూడీ. ఆరా పూలకుండీలు వేసేవాడు, మందంగా, మొరటుగా, రంగు గడ్డకట్టినట్టు. బొల్లారంలో ఆయన పేరు మీద ఒక వీధి ఉందేమోనని నేను రెండుసార్లు వెళ్ళి వెతికాను, టీ కొట్టాయన్ని అడిగితే 'ఆరానా, ఆరు నంబరు బస్సా' అన్నాడు.

ఆ చెక్క ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరసలో ఉందా. వెనక్కి పంపించండి, ఇంకు తడి ఆరలేదు, చీర అంచులు జాగ్రత్త. అందరూ ఒక గీత గీయండి అని ఉలి కూడా ఇద్దామనుకున్నాను, హాల్ వాళ్ళు ఒప్పుకోలేదు.